ఎంగ్రాసియా వంతు

“చివర ఎవరు?” అని అడిగేశాక గానీ ఎంగ్రాసియాకి తెలియలేదు, తను వచ్చి నిలబడింది ఈ రోజు నిలబడకూడని కొట్టు ముందని.

“నేనే,” అంది ఆకుపచ్చ కోటావిడ, తల కూడా తిప్పకుండా.

పోనీ, ఏదో మర్చిపోయినట్టు నుదురు కొట్టుకుని మెల్లగా జారుకుందామని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు ఎవరి బూటు మీదో పడింది. చక్రాల సంచీ లాక్కుంటూ వచ్చిన నల్ల టోపీ పెద్దాయన, కాలు నొప్పిని మింగేసి, “చివర ఎవరమ్మా?” అన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ మాటకి జవాబు చెప్పడం అలవాటైన నోరు ఎంగ్రాసియాని సంప్రదించకుండానే “నేనే” అనేసింది. ఇంకేముంది, దొరికిపోయింది. ఇప్పుడామె ఆకుపచ్చ కోటు వెనక మనిషి, నల్ల టోపీ ముందు మనిషి. ఈ మార్కెట్లో ఎవరూ ఒకరి వీపు ఒకరు చూస్తూ బారులు తీరరు. ఒకరు బత్తాయిల దగ్గర ఉంటారు, ఒకరు పక్క కొట్లో గుడ్లు ఏరుకుంటూ ఉంటారు, ఒకరు ఆ మూల ఎవరితోనో మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడుతూ ఉంటారు. అయినా ఎవరి ముందు ఎవరో, ఎవరి వెనక ఎవరో అందరి బుర్రల్లోనూ ఉంటుంది. మధ్యలోంచి ఒకరు చెప్పకుండా మాయమైతే వెనకాయన తన ముందు మనిషి కోసం వెతుక్కుంటాడు, ఆయన వెనకావిడ ఆయన మీద కేకలేస్తుంది, చివరికి ఒరోసియా కత్తి కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకుని “ఎవరే ఆ మాయమైంది?” అని మార్కెట్ ఈ కొస నుంచి ఆ కొస దాకా వినిపించేలా అడుగుతుంది. ఆ కేక ఈ రోజు తన పేరు మీద పడకూడదు. అందులోనూ, ఎదుటి కొట్లో ఉన్న మనిషికి అసలు వినబడకూడదు.

ఎదుటి కొట్టు. ఎనిమిది అడుగుల దూరం. మధ్యలో ఇనప స్తంభం ఒకటి ఉంది, పై కప్పు దాకా. దాన్ని నూట పాతికేళ్ల కిందట పోతపోసిన మహానుభావులెవరో గానీ లావుగా పోశారు, వాళ్ల కడుపు చల్లగా ఉండాలి. ఎంగ్రాసియా ఎడమ భుజాన్ని ఆ స్తంభం చాటుకి సర్దుకుని, కుడి భుజాన్ని ఆకుపచ్చ కోటు చాటుకి సర్దుకుంది. ఆ సందులోంచి నీలం ఏప్రన్ ముక్క ఒకటి కనిపిస్తోంది, కొత్తది, మడతల గీతలు ఇంకా పోలేదు. దాని ముందు పచ్చగా, తడిగా, కొండలాగా బొర్రాహ కాడకూర కట్టలు. ఆ కొండ ముందు ఎవరూ లేరు. ఒక్కరంటే ఒక్కరు. పన్నెండున్నర దాటిన శనివారం, మార్కెట్ మొత్తం మోచేతులు రాసుకుంటున్న వేళ, ఆ కొట్టు ముందు మాత్రం ఇప్పుడే కడిగిన నేల మెరుస్తోంది. జనం వస్తున్నారు, చూస్తున్నారు, నడక తగ్గించకుండా వెళ్లిపోతున్నారు. ఎవరైనా ఎందుకు ఆగుతారు? ‘చివర ఎవరు’ అని అడగడానికి ఒక మనిషంటూ ఉండాలి కదా. ఎవరూ లేని కొట్టంటే ఏదో తేడా ఉందనే లెక్క. తనైనా అంతే అనుకునేది, ఆ ఏప్రన్ లో ఉన్నది తన కోడలు నొయేలియా కాకపోయి ఉంటే.

ముందు ఆరుగురు. ఆరుగురంటే ఒరోసియా చేతి వేగంతో ముప్పావు గంట. ఒరోసియా తొందరపడదు, ఆమెని ఎవరూ తొందరపెట్టరు. కళ్లద్దాలు తాడుకి వేలాడుతుంటాయి, ముంజేతులు మోచేతుల దాకా తడిసి ఎర్రగా ఉంటాయి, బొర్రాహ కాడని ఎడమ చేత్తో పట్టుకుని కత్తి వీపుతో ఒక్క గీత గీస్తే మీది నూగంతా తోలు ఊడినట్టు ఊడి వస్తుంది, కాడ మాత్రం చెక్కు చెదరదు. నూగు తీయకుండా అమ్మేవాళ్లూ ఉన్నారు. ఇంటికి తీసుకెళ్లి అరగంట కూర్చుని గీకితే వేళ్లు రెండు రోజులు నల్లగా ఉంటాయి. ఎంగ్రాసియా పెళ్లైన కొత్తలో అదీ చేసింది. తర్వాత ఒరోసియా దొరికింది. ఎలా దొరికింది? వలేరో అప్పుడు కడుపులో ఎనిమిదో నెల, నిలబడలేక ఈ స్తంభానికే ఆనుకుంటే, అప్పుడే తండ్రి కొట్టు చేతికి తీసుకున్న ఒరోసియా ఒక ఖాళీ పెట్టె తిరగేసి, “కూర్చోవమ్మా, నా కొట్టు ముందు కనేస్తే బారసాలకి నన్నే పిలవాలి మరి” అంది. పిలిచింది కూడా. అయ్యో, ఆ పెట్టె! ఆ పిల్లాడి భార్యే ఇప్పుడు ఆ ఎదురుగా... వద్దు, అటు వెళ్లకే మనసా, ఇటు రా.

అసలు పథకం ఎంత చక్కగా వేసుకుంది! కొట్లు మూసే రెండింటికి పావుగంట ముందు రావాలి. అప్పుడు ఒరోసియా వెనక్కి తిరిగి ఖాళీ పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ ఉంటుంది, ఇటు చూడదు. ఆ పావుగంటలో నది వైపు తలుపులోంచి దూరి, కోడలి దగ్గర సంచీ నిండా కొనేసి, అదే తలుపులోంచి బయటపడాలి. అందాకా బజారులో తిరగాలి. అలాగే పదింటికి ఇల్లు వదిలింది. లాంబెర్తో పేపరు మీంచి కళ్లెత్తి, “ఏంటే, శనివారం అప్పుడే? ఎవరినైనా చంపడానికి వెళ్తున్నావా, మొహం అలా ఉంది?” అన్నాడు. మొగుడు ఒక్కోసారి ఎంత దగ్గరకి వస్తాడో వాడికే తెలియదు. శాన్ పాబ్లో వీధిలో బొత్తాల కొట్టు దగ్గర మొదలుపెట్టింది. లాంబెర్తో కోటుకి రెండు బొత్తాలు కావాలి. గోడంతా చిన్న చిన్న అట్టపెట్టెలు, ప్రతి పెట్టె మీదా లోపలున్న బొత్తం ఒకటి కుట్టి ఉంటుంది, ఆ ముసలి అన్నదమ్ములిద్దరూ నిచ్చెన ఎక్కి దిగడానికే జీవితం సరిపోయింది. “నాలుగు కన్నాలదా, రెండు కన్నాలదా?” అని అడిగితే గుర్తు రాక, రెండూ తీసుకుంది. తర్వాత ఉప్పుచేపల కొట్టు, అక్కడ తోక ముక్క కాదు, నడుము ముక్కే అడగాలి, అడిగాక వాళ్లు కోసేది కళ్లారా చూడాలి. తర్వాత అల్ఫోన్సో వీధిలో చాక్లెట్ పూసిన పళ్లముక్కలు. ఆ వీధిలో ఎదురెదురుగా రెండు కొట్లుంటే అమ్మ ఎప్పుడూ ఎడమ వైపుదానికే వెళ్లేది, ఎందుకో చెప్పలేదు, తనూ ఎడమ వైపుకే వెళుతుంది, ఎందుకో తెలియదు. కాళ్లకి తెలుసు.

అదే వచ్చిన చిక్కు. కాళ్లకి అన్నీ తెలుసు. పన్నెండున్నరకి వీధి మలుపు తిరిగేసరికి సియెర్సో గాలి ఎదురుగా వచ్చి మొహం మీద చరిచింది, ఫిబ్రవరిలో ఆ గాలికి కనికరం ఉండదు, నది మీంచి నేరుగా వస్తుంది, కళ్లు మూసుకుపోయాయి. ట్రామ్ గంట వినబడింది. దాటింది. తలుపు నెట్టింది. వెచ్చగా, చేపల వాసన, ఆలివ్‌ల వాసన, తడి సున్నం వాసన. కళ్లు ఇంకా సరిగ్గా తెరుచుకోకముందే కాళ్లు కుడికి తిరిగాయి, మళ్లీ ఎడమకి, ఆగాయి, నోరు తెరుచుకుంది. అంతే. మనిషికి గుర్తుండటం ఒకటి, కాళ్లకి గుర్తుండటం ఒకటి.

అమ్మకైతే ఇలా జరిగేది కాదు. అమ్మ ఒక కొట్టు వదిలిందంటే వదిలినట్టే. ఒక జనవరిలో, ఊరి పండగ రోజున, కసాయి కోస్మే గొర్రెపిల్ల భుజం ఇస్తే సగం కొవ్వే ఉంది. చుట్టాల ముందు తలవంపులు. మర్నాడే కసాయిని మార్చేసింది. అక్కడితో పోతే బాగుండు. కోస్మే కొట్టు ఇంటికి రెండడుగుల్లో ఉంది. ఇంకొక కసాయి దగ్గర కొన్న మాంసం పట్టుకుని ఆ కొట్టు ముందు నుంచి ఎలా నడుస్తుంది? అందుకని ప్రెదికదోరెస్ వీధంతా చుట్టి వచ్చేది. పదకొండేళ్లు. వానలో, గాలిలో, కాలు బెణికినప్పుడు కూడా. చిన్న ఎంగ్రాసియా చెయ్యి పట్టుకుని వెనక పరిగెత్తేది. కోస్మే పోయినప్పుడు అందరికన్నా ఎక్కువ ఏడ్చింది అమ్మే. శవపేటిక పక్కన ఆయన భార్య చేతులు పట్టుకుని, “ఆయన కోసినట్టు భుజం మళ్లీ ఎవరూ కొయ్యలేదమ్మా” అంది. ఆవిడ ఏడుపు మధ్యలోనే, “మరి పదకొండేళ్లు ఎక్కడికి పోయావే?” అంది. ఎంగ్రాసియా ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది, కానీ నవ్వుతోపాటే వేరొకటి కూడా వస్తుంది. తన వయసు అరవై ఆరు. పదకొండేళ్లు చుట్టు తిరిగి నడిచే ఓపిక తనకి లేదు.

“ఒక్క పార్స్లీ రెమ్మ, ఒక్క క్షణం, పక్కకి జరగండి,” అంటూ పరుగు బట్టలేసుకున్న పిల్ల ఒకతి దూసుకొచ్చింది.

“పార్స్లీ నేను అందరికీ ఊరికే ఇస్తాను తల్లీ,” అంది ఒరోసియా, కత్తి ఆపకుండా. “వంతు మాత్రం ఊరికే ఇవ్వను.”

“ఒక్క రెమ్మే కదా!”

“ఆ ఒక్క రెమ్మ కోసమే ఈవిడ పావుగంట నుంచి నిలబడింది అనుకో. ఏమ్మా, నిలబడ్డావా లేదా?”

“నా కాళ్లనడుగు,” అంది ఆకుపచ్చ కోటావిడ. అందరూ నవ్వారు. ఎంగ్రాసియా కూడా నవ్వబోయి ఆపుకుంది. ఈ కొట్టు ముందు నవ్వడానికి ఆమెకి ఇప్పుడు మనసు రావడం లేదు. మంగళవారం నుంచీ.

మంగళవారం, ఎదుటి కొట్టు తెరిచిన మొదటి రోజు. అది ఎవరిదో ఎంగ్రాసియాకి డిసెంబరు నుంచే తెలుసు. నొయేలియాకి ఊరి చివర గోదాంలో డబ్బాలు అంటించే పని పోయాక, వాళ్ల నాన్న పస్కువాల్, “మొవేరాలో నా తోట ఉంది, నా బొర్రాహ ఉంది, వేరేవాళ్లకి టోకున పోసే బదులు నువ్వే అమ్ముకోరాదా?” అన్నాడు. ఆలివ్‌ల ముసలాయన మానేసిన కొట్టు ఖాళీగా ఉంది. అది ఒరోసియాకి ఎదురుగా ఉందని విన్నప్పుడు ఎంగ్రాసియా చేతిలో కాఫీ గిన్నె ఒలికింది. రేపు చెబుతాను, వచ్చే వారం చెబుతాను అనుకుంటూ రెండు నెలలు గడిపింది. చివరికి మంగళవారం ఒరోసియా ఎదురుగా చూపిస్తూ, “చూశావా రాణీ, గోళ్లకి ఎర్ర రంగేసుకుని బొర్రాహ గీకడానికి వచ్చింది ఒకతి. ఆ రంగంతా కూరలోకి దిగుతుందేమో, జనానికి బీట్‌రూట్ కూర అమ్మినట్టుంటుంది” అంది. ఎంగ్రాసియా నవ్వింది. అదీ జరిగింది. పెద్దగా ఏం కాదు, ఒక్క నవ్వు. ఇంటికి వెళ్లి లాంబెర్తోకి అన్నం పెడుతున్నంతసేపూ ఆ నవ్వు తన నోట్లోంచి వచ్చినట్టు లేదు, ఎవరో వచ్చి తన నోట్లో పెట్టి వెళ్లినట్టు ఉంది.

నిన్న రాత్రి వలేరో ఫోన్. “అమ్మా, రేపు వస్తావుగా? నాలుగు రోజులైంది, ఆగి చూసేవాళ్లు లేరు. శనివారం కూడా ఇలాగే పోతే ఇక లాభం లేదంటోంది నొయేలియా. నాకు వినబడకూడదని బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది.” మొదటి శనివారం జనం నిలబడని కొట్టు ముందు రెండో శనివారం కూడా నిలబడరు. ఈ మాట మార్కెట్లో పుట్టి పెరిగిన ప్రతివాళ్లకీ తెలుసు. వస్తానురా నాన్నా, తప్పకుండా వస్తాను. వచ్చింది. వచ్చి ఇక్కడ నిలబడింది.

నలుగురు. ముగ్గురు. ఒకావిడ ముల్లంగి కట్ట వెనక్కిచ్చి మళ్లీ తీసుకుంది. ఎంగ్రాసియా ఆమెని మనసులో ముద్దు పెట్టుకుంది, ఇంకో రెండు నిమిషాలు దొరికాయి. పెద్ద రోడ్డు మీది కదిలే మెట్ల దుకాణంలో ఈ బాధలేమీ ఉండవు. పక్కింటావిడ అక్కడే కొంటుంది. గుమ్మంలో యంత్రం ఒక కాగితం ముక్క కక్కుతుంది, దాని మీద అంకె ఉంటుంది, ఆ అంకె వెలిగినప్పుడు వెళ్లాలి. ముందెవరో వెనకెవరో తెలియక్కర్లేదు, ఎవరి దగ్గర కొనలేదో వాళ్లకి మొహం చాటేయక్కర్లేదు. ఎంగ్రాసియా ఒకసారి వెళ్లింది. తన అంకె వచ్చింది, కొంది, వచ్చేసింది. మొత్తం నాలుగు నిమిషాలు. బయటికి వచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదని గుర్తొచ్చి, ట్రామ్ కోసం నిలబడ్డ ఆవిడతో వాతావరణం గురించి మాట్లాడింది. ఇక్కడైతే ఒక కట్ట ఆకుకూర కొనడానికి గంట పడుతుంది, ఆ గంటలో ఎవరి కూతురు విడిపోయిందో, ఎవరి కంటికి ఆపరేషన్ అయిందో, ఉల్లిపాయలు ఎంతసేపు నానబెట్టాలో అన్నీ తెలుస్తాయి. ఈ వాసనలో, ఈ గోలలో, నడుం నొప్పి పుట్టేలా నిలబడటం తనకి ఇష్టమే. ఆ మాటకొస్తే ఇంత భయంలో కూడా లోపలెక్కడో హాయిగానే ఉంది. ఆరో నెలలో గుడి గంటల కింద నిలబడ్డట్టు, చెవులు దద్దరిల్లుతుంటే కడుపులో పిల్లాడు కదిలినట్టు. ఏం పోలిక ఇది? వలేరోకి ఇప్పుడు ముప్ఫై ఒకటి.

ఆకుపచ్చ కోటు కదిలింది.

ఒక్క అడుగే. టొమాటోలు దగ్గరగా చూద్దామని. కానీ ఆ అడుగుతో ఎంగ్రాసియా కుడివైపంతా బట్టబయలైంది, సరిగ్గా ఆ క్షణానే ఎదుట నొయేలియా తలెత్తింది. ముందు మొహం వెలిగింది. నిజంగా వెలిగింది, చిన్నపిల్ల మొహంలాగా, చెయ్యి కూడా సగం దాకా లేచింది. తర్వాత ఆ కళ్లు ఎంగ్రాసియా మీంచి ఆకుపచ్చ కోటు మీదకి, అక్కడినుంచి ఒరోసియా మీదకి వెళ్లాయి, వరస ఎవరిదో అర్థమైంది, చెయ్యి దిగిపోయింది. అత్తని తప్పుపట్టినట్టు చూసినా బాగుండేది. చూడలేదు. అటు తిరిగి, ఇప్పటికే సర్ది ఉన్న బొర్రాహ కట్టల్ని మళ్లీ ఒక్కొక్కటే తీసి, మళ్లీ అలాగే సర్దడం మొదలుపెట్టింది. గోళ్లకి రంగు లేదు. ఎప్పుడు తుడిచేసిందో. మంగళవారం ఆ మాట ఎనిమిది అడుగుల దూరం వినబడిందా? మాట వినబడితే, ఆ తర్వాత వచ్చిన నవ్వు కూడా వినబడే ఉంటుంది.

ఎంగ్రాసియాకి ఒక్కసారిగా స్తంభం చాటు అక్కర్లేకపోయింది.

“ఎవరి వంతు?” అంది ఒరోసియా. తన బేరం ముగించి సంచీ భుజాన వేసుకుంటూ ఆకుపచ్చ కోటావిడ గడ్డంతో ఎంగ్రాసియాని చూపించింది. “ఏం రాణీ, నిలబడే నిద్రపోతున్నావా? రెండు కట్టలేగా, లాంబెర్తోకి కాడలు పొట్టిగా కొయ్యాలి.” అడక్కుండానే రెండు కట్టలు చేతిలోకి వచ్చేశాయి, కత్తి లేచింది.

“గీకకు ఒరోసియా. ఆగు.”

“ఏం, ఒంట్లో బాగాలేదా?”

“ఆ పిల్ల నా కోడలు.”

కత్తి ఆగలేదు. ఒక కాడ, ఇంకో కాడ. “ఏ పిల్ల?”

“ఎదుటి పిల్ల. మా వలేరో భార్య. డిసెంబరు నుంచీ తెలుసు నాకు. నీకు చెప్పలేదు.” చెప్పేసింది. ఇంత గట్టిగా చెప్పాలనుకోలేదు, కానీ గొంతు తన మాట వినలేదు, గుడ్ల కొట్టతను కూడా ఇటు తిరిగాడు.

ఒరోసియా కత్తి కింద పెట్టింది. కళ్లద్దాలు పెట్టుకుంది. కొత్తగా చూస్తున్నట్టు ఎంగ్రాసియాని పైనుంచి కిందదాకా చూసింది. “ఎనిమిదేళ్ల కిందట పెళ్లి ఫోటోలు తెచ్చి నా టొమాటోల మీద పరిచి, ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించింది ఎవరే? మా అత్తా? పావుగంట బేరం ఆపుకుని చూశాను. ఆ ముక్కు నేను మర్చిపోతాననుకున్నావా?”

“అంటే నీకు తెలుసా?”

“ఆ కొట్టు తలుపుకి రంగు వేయిస్తున్నప్పుడే తెలుసు. మంగళవారం గోళ్ల మాట ఎందుకన్నాననుకున్నావు? ‘నోర్ముయ్యవే ఒరోసియా, అది మా పిల్ల’ అంటావని. అనేవరకూ రెచ్చగొడదామని. నువ్వేం చేశావు?” ఒరోసియా గొంతు తగ్గింది, అది కేకకన్నా అన్యాయంగా ఉంది. “నవ్వావు. ఎదురుగా కొట్టు పెట్టుకుంటే నాకేం పోయింది, పెట్టుకోనీ, ఇరవైమంది పెట్టారు, ఇరవైమంది పోయారు. ఇంటి పిల్లని అంటే నవ్వావు చూడు, అప్పుడు వచ్చింది నాకు కోపం. రేపు నన్నెవరైనా అంటే కూడా ఇలాగే నవ్వుతావా?”

ఎంగ్రాసియా ఎదుటి కొట్టు వైపు చూసింది.

“ఈవాళ నీకు నా దగ్గర ఒక్క ఆకు కూడా లేదు,” అంది ఒరోసియా, గీకిన రెండు కాడల్నీ పక్కన పడేస్తూ. “నడు.”

ఎనిమిది అడుగులు. ఇంత పొడుగ్గా ఉన్నాయని ఇందాక అనిపించలేదు. మెడ వెనక మార్కెట్ మొత్తం చూస్తోంది. నడుస్తూ నడుస్తూనే, ఇంకా మూడడుగులు ఉండగానే, గుడ్ల కొట్టతనికీ చేపల వరసకీ వినబడేలా, మంగళవారం నవ్వుకన్నా రెండింతలు పెద్దగా, “నొయేలియా! మా కోడలి బొర్రాహ రెండు కట్టలు! మీ నాన్న తోటదే కదా?” అంది.

“అత్తా,” అంది నొయేలియా, తలెత్తకుండా. “ఇందాకే చూశాను నిన్ను అక్కడ.”

“అలవాటే, కాళ్లు తీసుకెళ్లాయి. నమ్మితే నమ్ము.”

నొయేలియా తలెత్తింది. నమ్మాలా వద్దా అని ఒక క్షణం తూచింది. “మా నాన్న కూడా ట్రాక్టరుని ఇప్పటికీ అమ్మేసిన తోటకే తోలేస్తాడు,” అంది చివరికి. మూతి ఒక పక్కకి వంకర పోయింది. నవ్వు కాదు, నవ్వుకి పక్క గది.

అప్పుడు చక్రాల చప్పుడు వినబడింది. నల్ల టోపీ పెద్దాయన సంచీ లాక్కుంటూ వచ్చి ఎంగ్రాసియా వెనక ఆగి, చలికి ముక్కు తుడుచుకుని, “ఇక్కడికి మారామా అమ్మా?” అన్నాడు.

“ఓ పెద్దాయనా!” ఒరోసియా అక్కణ్నించే అరిచింది. “ఎక్కడికి? ఇప్పుడు వంతు మీదే!”

“ఎలా నాదవుతుంది? నేను ఈవిడ వెనక. ఈవిడది అయిందా? చేతులు చూడు, ఒక్క ఆకైనా లేదు. ఈవిడది కాకుండా నాది ఎలా వస్తుంది?” అన్నాడాయన, ప్రపంచంలో ఇంతకన్నా తేలికైన విషయం లేదన్నట్టు. “నేను నలభై ఏళ్లు తపాలా ఆఫీసులో పనిచేశాను. నాకు వరస నేర్పకు.”

“నేను ఈయన వెనక,” అంటూ చంటిపిల్ల బండి తోసుకుంటూ ఒకామె వచ్చేసింది. ఆమె వెనక వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందువాళ్లు ఎటుంటే తామూ అటే కదా. నలుగురు దాటారు. దాటుతుంటే చూసి, అసలు ఏ వరసలోనూ లేని ఒకావిడ అంతమంది ఎందుకు పోతున్నారో తెలియక కంగారుగా పరిగెత్తుకొచ్చి, “చివర ఎవరు? చివర ఎవరు?” అంది. “నేనే” అంది బండి వెనకావిడ. నేల మెరుపు కాళ్ల కింద మాయమైంది.

నొయేలియా మీద ఒకేసారి ఇంతమంది కళ్లు. కత్తి తీసుకుని, మొదటి కాడని గట్టిగా నొక్కి, అంచుతో ఒక్క చెక్కు చెక్కింది. నూగుతోపాటు సగం కాడ కింద పడింది. రెండోది కూడా అంతే. ఎంగ్రాసియాకి చెప్పాలనిపించింది, కానీ ఎలా చెప్పాలో తెలియదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా గీకించుకుంది గానీ గీకలేదు.

“ఏయ్ పిల్లా! అది బొర్రాహ, గడ్డం కాదు!”

ఒరోసియా వస్తోంది. తన కొట్టు వదిలి, శనివారం, ఒంటిగంటప్పుడు, తడి చేతులు ఏప్రన్ కి తుడుచుకుంటూ. జనం దారిచ్చారు. వచ్చి నొయేలియా చేతిలోంచి కత్తి లాక్కుంది, ముందు గీకలేదు, కాడ ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. టప్ మంది. ఆ ముక్కని పచ్చిదే నోట్లో వేసుకుని నమిలింది.

“ఎప్పుడు కోసింది?”

“పొద్దున నాలుగున్నరకి. మంచు ఉండగానే,” అంది నొయేలియా. తండ్రి తోట గురించి అడిగితే ఆ పిల్ల ఎవరికీ తగ్గదు.

ఒరోసియా ఇంకాసేపు నమిలింది. “బాగుంది,” అంది, పన్ను నొప్పితో అన్నట్టు. “బాగున్న దాన్ని ఇలా నరుకుతావా? ఇటు చూడు. కత్తి వీపుతో. నొక్కకు, జారనివ్వు. ఇలా. చెయ్యి. ఇంకోటి. ఆఁ. ఇదిగో, ఈవిడకి పొట్టిగా కొయ్యి, వాళ్లాయనకి పళ్లు లేవు. బంగాళాదుంపలు చిన్నవి వెయ్యి, పెద్దవి వేస్తే మర్నాడొచ్చి సణుగుతుంది. పార్స్లీ అడగదు గానీ ఇవ్వకపోతే మొహం మాడ్చుకుంటుంది.”

“లాంబెర్తోకి పళ్లున్నాయి!” అంది ఎంగ్రాసియా.

ఎవరూ వినలేదు. నొయేలియా గీకుతోంది, నాలుగో కాడకి చెయ్యి దారిలో పడింది. ఒరోసియా పక్కన నిలబడి చూస్తోంది, ఎర్రటి ముంజేతులు కట్టుకుని. ఆమె చూసే తీరు ఎంగ్రాసియాకి తెలుసు. తిరగేసిన పెట్టె మీద కూర్చోబెట్టినప్పుడు చూసిన తీరు అది.

“విను పిల్లా,” అంది ఒరోసియా. “శనివారాలు ఈవిణ్ని నువ్వు తీసుకో. మంగళవారాలు నావి.”

“గురువారం?” అంది నొయేలియా, కత్తి ఆపకుండా.

ఒరోసియా కనుబొమ్మలు పైకి లేచాయి. “గురువారం ఎప్పుడూ నాదే.”

“అయితే గురువారం మాకే కావాలి. మీకు ముప్ఫై ఏళ్ల గురువారాలు వెళ్లాయిగా.”

“ఓసి దీని గడుసుతనం! చూశావా రాణీ? ఒక వారం నీకు, ఒక వారం నాకు. అంతకన్నా దిగను.”

“పండగ ముందు రోజులు?”

“అవి తర్వాత మాట్లాడదాం, జనం నిలబడి ఉన్నారు.”

ఎంగ్రాసియా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చేతిలో తడి బొర్రాహ, మోచేతి దాకా కారుతున్న నీళ్లు, వెనక నల్ల టోపీ ఆయన సణుగుడు, ఎక్కడో చేపల మీద ఐసు పోస్తున్న చప్పుడు. తన కోసం బేరం జరుగుతోంది. పెళ్లిచూపుల్లో కూడా ఇంత గట్టిగా జరగలేదు. ఒళ్లంతా వెచ్చగా అయింది, ఆ వెచ్చదనం మొహం మీదకి రాకుండా కాస్త బెట్టు చేద్దామనిపించింది.

“గురువారం నేను అసలు బజారుకే రాను,” అంది. “ఇంట్లో కూర్చుంటాను.”

ఇద్దరూ ఒక్కసారే ఆమె వైపు తిరిగారు.

“నిన్నెవరడిగారే!” అంది ఒరోసియా.

“నిన్నెవరడిగారత్తా!” అంది నొయేలియా.